ఆ పట్టికలో కనపడని రెండేళ్లు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో అమెరికా చదువుల మీద వేసిన పేజీని మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోంచి నాకు ముగ్గురు పంపించారు, ముగ్గురూ ఒకే వరుసకి ఎర్ర గీత కొట్టి మరీ. ఏ డిగ్రీ చేస్తే జీతం ఎంత, నెత్తిమీద అప్పు ఎంత అని పట్టిక వేశారు కదా, అందులో బాగా కిందికి పోతే 'కమ్యూనికేషన్ డిజార్డర్స్, బ్యాచిలర్స్' అని ఒక వరుస ఉంది. మా పెద్దమ్మాయి చదివింది అదే. పంపినవాళ్లలో మా ఆడపడుచు కూడా ఉంది. "వదినా, ముందే తెలిస్తే బాగుండేది" అని రాసింది. జాలిపడిందో దెప్పిందో ఇప్పటికీ నాకు తేలలేదు.

పట్టిక తప్పని నేననను. అంకెలు అమెరికా విద్యాశాఖ వాళ్ల కాలేజ్ స్కోర్‌కార్డ్ నుంచి తీసుకున్నామని కింద చిన్న అక్షరాల్లో వేశారు. ఆ సైట్ నేనూ రాత్రిళ్లు నిద్రపట్టక చాలాసార్లు తిప్పి చూసినదే. నా గొడవంతా ఒకటే, ఆ అంకెలు ఎవరిని లెక్కపెడితే వచ్చాయో మీరు రాయలేదు. వేరే కోర్సులకి అది పెద్ద తేడా కాకపోవచ్చు. ఈ కోర్సుకి మాత్రం అది రాయకపోతే జీతమూ ఉన్నదానికంటే తక్కువ కనపడుతుంది, అప్పూ ఉన్నదానికంటే తక్కువ కనపడుతుంది. జీతం చూసినవాళ్లు భయపడి మానేస్తారు, అప్పు చూసినవాళ్లు ఇంతేగా అని దూకుతారు. ఇద్దరూ దెబ్బతింటారు.

ముందు అసలు ఇదేం చదువో చెప్తాను, ఎందుకంటే కమ్యూనికేషన్ అనగానే "ఈసీఈ లాంటిదా?" అని అడిగినవాళ్లు నాకు కనీసం నలుగురు తగిలారు. మాట ఆలస్యమైన పిల్లలు, నత్తి ఉన్నవాళ్లు, కొన్ని అక్షరాలు పలకలేనివాళ్లు, పక్షవాతం వచ్చాక మాట పడిపోయిన పెద్దవాళ్లు, గుటక పడనివాళ్లు, వీళ్లందరికీ చికిత్స చేసే స్పీచ్ థెరపిస్టుల చదువు ఒక వైపు, వినికిడి చూసే ఆడియాలజిస్టుల చదువు ఇంకో వైపు. రెండిటికీ మొదటి మెట్టు ఈ బ్యాచిలర్సే. మొదటి మెట్టే, గమనించండి. అమెరికాలో ఈ డిగ్రీ ఒక్కదానితో ఎవరూ స్పీచ్ థెరపిస్ట్ అయిపోరు. ఇంకో రెండేళ్లు మాస్టర్స్ చెయ్యాలి, అందులో భాగంగా 400 గంటల క్లినికల్ పని చూపించాలి, ప్రాక్సిస్ అనే పరీక్షలో 162 మార్కులు తెచ్చుకోవాలి, ఆ తర్వాత 36 వారాలు ఒకరి పర్యవేక్షణలో ఫెలోషిప్ చెయ్యాలి. అప్పటికి గానీ చేతికి పూర్తి సర్టిఫికెట్ రాదు. ఆడియాలజీకైతే మాస్టర్స్ కూడా చాలదు, డాక్టరేటే కావాలి, మామూలుగా ఇంకో నాలుగేళ్లు.

ఇప్పుడు ఆ జీతం అంకె దగ్గరికి వద్దాం. స్కోర్‌కార్డ్ వాళ్లు లెక్కపెట్టేది ఎవరినంటే, ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, సాయం తీసుకుని ఆ డిగ్రీ పూర్తిచేసినవాళ్లలో, ఆ సమయానికి పని చేస్తూ, ఎక్కడా చదువుకోకుండా ఉన్నవాళ్లని. మళ్లీ చదవండి, ఎక్కడా చదువుకోకుండా ఉన్నవాళ్లని. అంటే మాస్టర్స్‌లో చేరిపోయిన పిల్లలందరినీ తీసేశాక మిగిలినవాళ్ల జీతం అది. ఎవరు మిగులుతారు? సీటు రానివాళ్లు, డబ్బుకి ఆగిపోయినవాళ్లు, ఒక ఏడాది ఆగి చూద్దామనుకున్నవాళ్లు, ఈ లైనే వద్దని ఆఫీసు ఉద్యోగానికి పోయినవాళ్లు. ఇంటర్ బైపీసీతో చదువాపేసినవాళ్ల జీతాలు పోగేసి, డాక్టర్లు ఇంతే సంపాదిస్తారని రాస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

మెట్లన్నీ ఎక్కినవాళ్ల సంగతి కార్మిక గణాంకాల శాఖ విడిగా ఇస్తుంది. 2024 మే లెక్కల ప్రకారం అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 95,410 డాలర్లు. బడుల్లో కాస్త తక్కువ, వృద్ధుల నర్సింగ్ హోముల్లో కాస్త ఎక్కువ. ఉద్యోగాలకి కొదవ లేదు, ఎందుకంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ఇలాంటి సేవలు బడే ఇవ్వాలని 1975 నుంచీ ఇక్కడ చట్టం ఉంది. ఈ అంకె కూడా మీ పట్టికలోనే పక్క గడిలో పెట్టి ఉంటే మా ఆడపడుచుకి అంత దుఃఖం ఉండేది కాదు.

అలాగని నేను ఈ కోర్సుకి ప్రచారం చెయ్యడం లేదు. అసలు నొప్పి ఇక్కడ మొదలవుతుంది.

మా అమ్మాయి 2020 ఆగస్టులో చేరి 2024 మేలో డిగ్రీ పూర్తిచేసింది. నేను డేకేర్‌లో చేస్తాను, మా వారు ఒక గిడ్డంగిలో షిఫ్ట్ చూస్తారు, అమెరికాలో తెలుగువాళ్లంటే అందరూ ఐటీ అనుకుంటారు గానీ మేం కాదు. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి పిల్లకి ఫెడరల్ లోన్ వచ్చింది. హెచ్-1బీ మీద ఉన్న కుటుంబాల పిల్లలకి అదీ రాదు, అందుకే మన పిల్లలు చాలామంది మీరు వేసిన పట్టికలో అసలు లేనే లేరు, ఇది కూడా మీ పాఠకులకి తెలియాలి. తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ పిల్లలకి ఏడాదికి ఇంత అని గరిష్ఠ పరిమితి ఉంటుంది, మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, తర్వాత రెండేళ్లూ 7,500 చొప్పున. మొత్తం 27,000 డాలర్లు. మాది పూర్తిగా వాడుకున్నాం. నాలుగేళ్లకీ నాలుగు లోన్లు, నాలుగు వడ్డీలు. మొదటిది 2.75 శాతం, చివరిది 5.50 శాతం. ఆ తేడా అప్పుడు మాకు పెద్దగా పట్టలేదు.

అది చాలక చివరి రెండేళ్లూ మా వారి పేరు మీద పేరెంట్ ప్లస్, అంటే తల్లిదండ్రులకిచ్చే ఫెడరల్ లోన్ తీశాం, 9,000 చొప్పున. ఒకటి 7.54 శాతం, ఇంకోటి 8.05 శాతం. పైగా ఇచ్చేటప్పుడే నాలుగు శాతం పైచిలుకు ఫీజు కింద కోసుకుంటారు. కాగితం మీద 9,000 అని ఉంటుంది, కాలేజీ ఖాతాలో పడింది 8,619. మా వారు ఆ కాగితాన్ని వంటింట్లో ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని మూడుసార్లు చదివారు, మిగతా 381 ఎక్కడికి పోయిందని. కాలేజీ వాళ్లకి ఫోన్ కూడా చేశారు. "అది ఫీజు నాన్నా, తిరిగిరాదు, కానీ వడ్డీ మాత్రం మొత్తం 9,000 మీదే పడుతుంది" అని మా అమ్మాయి పక్కనుంచి చెప్పింది. మీ పట్టికలో అప్పు గడి ఉంది చూడండి, అందులో ఈ 18,000 ఉండదు. విద్యార్థి పేరు మీద, ఆ డిగ్రీ కోసం తీసిన ఫెడరల్ లోన్ మాత్రమే ఉంటుంది. తల్లిదండ్రుల లోన్ వేరే చోట చూపిస్తారు, ప్రైవేటు బ్యాంకు లోన్ ఎక్కడా చూపించరు, ఇక ముందు రాబోయే మాస్టర్స్ అప్పు సంగతి సరేసరి.

డిగ్రీ అయ్యే ముందు చలికాలంలో మాస్టర్స్‌కి ఆరు చోట్ల అప్లై చేసింది. మార్కులు బాగానే ఉన్నాయి. నాలుగు చోట్ల కాదన్నారు, రెండు చోట్ల వెయిటింగ్ లిస్టు, అదీ కదల్లేదు. సీట్లు తక్కువ, ఇప్పుడు చేరిన చోట మొత్తం క్లాసుకి 28 మందే. బ్యాచిలర్స్‌లో చేర్చుకునేటప్పుడు మాత్రం ఏ కాలేజీ ఇంతమందికే పైన సీటుంటుందని చెప్పదు, ఈ విషయంలో నాకు కోపం ఇంకా తగ్గలేదు.

అలా మా పిల్ల ఒక ఏడాది సరిగ్గా మీ పట్టికలో ఆ వరుసలో నిలబడింది. మేముండే టెక్సాస్‌లో ఈ బ్యాచిలర్స్‌తో స్పీచ్ థెరపీ అసిస్టెంట్ లైసెన్స్ వస్తుంది. కాలిఫోర్నియాలో అయితే కమ్యూనిటీ కాలేజీ రెండేళ్ల డిగ్రీతోనే ఆ పనికి రిజిస్టర్ చేసుకుంటారు, అంటే అక్కడ నాలుగేళ్లు చదివినా అదే కుర్చీ. మా అమ్మాయి ఇక్కడ ఒక ప్రైవేటు క్లినిక్‌లో గంటకి 21 డాలర్లకి చేరింది. వినడానికి బాగానే ఉంది. కానీ పిల్లాడు చికిత్సకి వచ్చిన గంటలకి మాత్రమే జీతం. పిల్లాడికి జ్వరమొస్తే, వాళ్లమ్మ మర్చిపోతే, వానొచ్చి రోడ్డు మూసేస్తే ఆ గంట పోయినట్టే. ఫైళ్లు రాసుకునే టైముకి పైసా ఇవ్వరు. జనవరిలో ఫ్లూ వచ్చినప్పుడు ఒక వారం మొత్తం మీద 17 గంటలు తేలాయి. డిగ్రీ అయ్యాక లోన్ కట్టక్కర్లేని ఆర్నెల్ల గడువు అయిపోయి, నెలకి దాదాపు 280 డాలర్ల కిస్తీ కూడా అప్పటికే మొదలైంది. ఆ వారం ఆ పిల్ల మొహం చూసి నేను ఏమీ అడగలేదు, ఉప్మా చేసి ముందు పెట్టాను, అంతే.

మరి ఎందుకు మానలేదని అడుగుతారు. మా చెల్లెలి కొడుకుని చూశాక నేనూ అడగడం మానేశాను. వాడికి నాలుగేళ్లు, "క" రాదు. కుక్కని "తుత్త" అంటాడు, కాకిని "తాతి" అంటాడు. అందరూ ముద్దుగా ఉందని మళ్లీ మళ్లీ అనిపించి నవ్వుకునేవాళ్లం. మా అమ్మాయి నవ్వలేదు. వాడిని తివాచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి, తాతయ్యలా గురకపెట్టమంది. పడుకుంటే నాలుక దానంతటదే గొంతు వైపు జారుతుందట, "క" పుట్టేది అక్కడే కదా. ఇద్దరూ పక్కపక్కన పడుకుని గురకలు పెట్టారు. గురకలోంచి మెల్లగా "క్", "క్", ఆ తర్వాత "కా". వారానికి రెండుసార్లు చొప్పున ఇదే ఆట. ఏడో వారం అనుకుంటా, కిటికీ దగ్గర నిలబడి "కుక్క!" అని అరిచాడు, మా చెల్లెలు కూరలో గరిటె వదిలేసి వచ్చింది. ఎవరో డాక్టరు వాళ్లింట్లో తెలుగు ఆపేసి ఇంగ్లీషే మాట్లాడమని కూడా చెప్పారట, రెండు భాషల వల్లే ఇలా అవుతోందని. మా అమ్మాయి అదేం లేదు పిన్నీ, రెండు భాషలు వింటే మాటలో లోపం రాదు, మీకు ఏది బాగా వస్తే అదే మాట్లాడండి అని చెప్పింది. ఇది వేరే ఉత్తరానికి సరిపడా విషయం, ఇక్కడ వదిలేస్తాను.

రెండోసారి అప్లై చేస్తే సీటొచ్చింది. 2025 ఆగస్టులో చేరింది. ఆ ఏడాది లోన్ వడ్డీ 7.94 శాతం. మొదటి ఏడాది బ్యాచిలర్స్ లోన్ 2.75 అని చెప్పాను కదా, అదే పిల్ల, అదే ప్రభుత్వం, అయిదేళ్లలో దాదాపు మూడింతలు. మాస్టర్స్ వాళ్లకి ఏడాదికి 20,500 దాకా ఇస్తారు, చదివే రోజుల్లో కూడా దాని మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది, ఒక్క మొదటి ఏడాది లోన్ మీదే ఏడాదికి 1,600 డాలర్లు దాటుతుంది. ఫీజు, అద్దె, కారు అన్నీ కలిపితే 20,500 సరిపోలేదు, మిగతాదానికి గ్రాడ్ ప్లస్ అనే ఇంకో ఫెడరల్ లోన్ తీసింది, దాని వడ్డీ 8.94 శాతం. ఇక ఆ క్లినికల్ గంటలు, వాటికి జీతం ఉండదు సరికదా, ఆ గంటలకి మనమే కాలేజీకి క్రెడిట్ల ఫీజు కట్టాలి. పొద్దున ఏడున్నరకి బడిలో, మధ్యాహ్నం క్లాసు, రాత్రి రిపోర్టులు. ఇంకో ఉద్యోగం చేసుకునే సందు లేదు.

చదువయ్యేసరికి పిల్ల పేరు మీద ఇంచుమించు 80,000, మా పేరు మీద 18,000 తేలుతుంది. మా అమ్మాయి సీనియర్ ఒకమ్మాయికి ఇక్కడ బడిలో మొదటి ఏడాది 62,000 ఇచ్చారు. మొదటి ఏడాది జీతం కంటే అప్పు ఎక్కువ చెయ్యొద్దని అందరూ చెప్తుంటారు. మేం ఆ గీత దాటేశాం. మునిగిపోతామని కాదు, తీరుతుంది, కానీ తీరడానికి చాలా ఏళ్లు పడుతుంది. బడి, ప్రభుత్వ ఆసుపత్రి లాంటి చోట పనిచేస్తూ 120 కిస్తీలు కడితే మిగతాది మాఫీ చేసే పథకం 2007 నుంచి ఉంది, మా అమ్మాయి దాని మీదే ఆశ పెట్టుకుంది. నేను పదేళ్ల తర్వాత సంగతి మీద ఆశ పెట్టుకునే వయసులో లేను, ఆమె ఉంది, సరే.

ఇప్పుడు కొత్తగా చేరబోయేవాళ్లకి ఇంకో చిక్కుంది, మీ పేజీలో దీని ఊసే లేదు. 2025 జులై 4న సంతకమైన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకి గ్రాడ్ ప్లస్ ఉండదు. మా అమ్మాయిలాగా ముందే చేరి లోన్ తీసుకున్నవాళ్లకి కొంతకాలం పాత పద్ధతి నడుస్తుంది. కొత్తవాళ్లకి మాస్టర్స్‌లో ఏడాదికి 20,500, మొత్తం కలిపి లక్ష డాలర్లు, అంతకు మించి ఫెడరల్ లోన్ లేదు. 'ప్రొఫెషనల్' చదువులకైతే ఏడాదికి 50,000, మొత్తం రెండు లక్షలు. ఆ ప్రొఫెషనల్ జాబితాలో ఎవరున్నారో చూడండి, డాక్టర్లు, లాయర్లు, పళ్ల డాక్టర్లు, ఫార్మసీ, పశువైద్యం, ఆఖరికి చర్చి బోధకుల వేదాంతం చదువు కూడా. 2025 నవంబరులో విద్యాశాఖ తేల్చిన ముసాయిదాలో స్పీచ్ థెరపీ లేదు, ఆడియాలజీ లేదు. ప్రసంగం చేసేవాళ్లకి ఇస్తారట, మాట నేర్పేవాళ్లకి ఇవ్వరట. పేరెంట్ ప్లస్‌కి కూడా పిల్లకి ఏడాదికి 20,000, మొత్తం 65,000 అని కట్టడి పెట్టారు. అప్పుకి అడ్డుకట్ట మంచిదేగా అని మా వారంటారు. కావచ్చు, కాలేజీలు ఫీజులు తగ్గిస్తే. తగ్గించకపోతే మిగతాది ప్రైవేటు బ్యాంకు దగ్గరికి పోవాలి, అక్కడ హామీ సంతకానికి ఇంకో మనిషి కావాలి, ఆ మనిషి ఎవరో బాబాయో మావయ్యో అవుతాడు, ఆ తర్వాత చుట్టరికాలు ఏమవుతాయో నేను చెప్పక్కర్లేదు.

నన్నడిగి ఉంటే ఇప్పుడు ఇలా చెప్తాను. మాస్టర్స్ సీటుకి ఇదే బ్యాచిలర్స్ ఉండాలని రూలేం లేదు, వేరే డిగ్రీ చేసి కావలసిన నాలుగైదు సబ్జెక్టులు విడిగా కట్టుకుని చదివినా చాలా చోట్ల తీసుకుంటారు, ఇది మాకు మూడో ఏడాదిలో తెలిసింది. కాబట్టి పేరున్న ఖరీదైన కాలేజీలో ఈ బ్యాచిలర్స్ చెయ్యడంలో అర్థం లేదు. మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీ, తర్వాత సొంత రాష్ట్రంలో ప్రభుత్వ యూనివర్సిటీ, అంతే. అప్పు చేసే శక్తి ఎంతుందో అంతా మాస్టర్స్‌కి దాచుకోవాలి, మేం తిరగేసి చేశాం. చేరే ముందే ఆ కాలేజీ వాళ్లని మీ పిల్లల్లో పోయినేడు ఎంతమందికి మాస్టర్స్ సీట్లొచ్చాయని అడగాలి, నీళ్లు నమిలితే లేచి వచ్చెయ్యాలి. మాస్టర్స్‌లో అసిస్టెంట్‌షిప్, అంటే కాలేజీలోనే పని చేసి ఖర్చు తగ్గించుకునే వీలు, ఇస్తారా అని కూడా మొహమాటపడకుండా అడగండి, మా అమ్మాయి మొహమాటపడి ఒక సెమిస్టర్ పోగొట్టుకుంది. మాస్టర్స్ చెయ్యాలని మనసులో లేనివాళ్లు మాత్రం మీ పట్టికని నమ్మండి, వాళ్ల విషయంలో అది కరెక్టే.

ఎడిటర్ గారూ, ఆ పేజీ మీ సైట్‌లో ఇంకా అలాగే ఉంది. పట్టిక కింద రెండు లైన్లు వెయ్యండి చాలు. ఈ జీతం పైచదువుకి పోనివాళ్లదని ఒక లైను, ఈ అప్పులో పైచదువు అప్పు, తల్లిదండ్రుల అప్పు, ప్రైవేటు అప్పు లేవని ఇంకో లైను. సైకాలజీ, బయాలజీ వరుసల కింద కూడా అదే పెట్టండి, వాటిదీ ఇదే కథ.

ఈ ఉత్తరం వేస్తే చెప్పండి, కత్తిరించి మా ఆడపడుచుకి పంపిస్తాను. ఈసారి ఎర్ర గీత నేనే కొడతాను.

ఇట్లు,
ఒక తల్లి,
డాలస్ దగ్గర్నుంచి, టెక్సాస్